గీసేవాళ్లకు హామీ ఉంది, తాగేవాళ్లకు?

మత్తుమందుల మాట వస్తే మన అభ్యర్థులు గంజాయి గురించే మాట్లాడతారు. హైదరాబాద్–విజయవాడ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది కనుక, ఆంధ్రా–ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే సరుకు పట్టుబడినప్పుడల్లా ఈ ఊళ్ల పేర్లు పత్రికలకెక్కుతుంటాయి. రాష్ట్రంలో 2023లో నార్కోటిక్స్ బ్యూరో వచ్చింది, 2025లో దాని పేరు ఈగల్‌గా మారింది. అవసరమైన పనే. కానీ తెలంగాణ పల్లెల్లో మత్తుమందు చాలాకాలంగా ఇంకో దారిన కూడా వస్తోంది. అది కల్లు సీసాలో వస్తోంది. ఇక్కడి ఎన్నికల్లో పార్టీలు కల్లు మీద వైఖరి చెబుతూనే వచ్చాయి. చెట్టు ఎవరిది, పన్ను ఎంత, దుకాణం తెరవాలా మూయాలా అన్నవి అందరూ మాట్లాడారు. తాగేవాడి ఒంట్లో ఏం జరుగుతోందన్నదానికి మాత్రం ఆ వైఖరుల్లో చోటు దక్కలేదు. మత్తుమందు కలిపిన ఈ ‘మందు కల్లు’ సమస్య ఇంతగా ముదరడానికి ఆ లోటే పెద్ద కారణమని నా వాదన.

ఆ వైఖరులకు పునాది పడిన చోట్లలో సూర్యాపేట ఒకటి. నిజాం సర్కారు ఖజానాకు ఆబ్కారీ పెద్ద ఆదాయం. చెట్టుకు పన్ను సర్కారుది, వేలంపాట కాంట్రాక్టరుది, చెట్టెక్కే ప్రాణభయం గీత కార్మికుడిది. ఈ అన్యాయం మీద పోరాడినవాళ్లలో సూర్యాపేటలో పుట్టిన బొమ్మగాని ధర్మభిక్షం ముఖ్యులు. 1952 ఎన్నికల్లో ఆయన సూర్యాపేట నుంచే శాసనసభకు వెళ్లారు. 1991లోనూ 1996లోనూ నల్లగొండ ఎంపీ అయ్యారు. ఆ 1996 ఎన్నికలోనే, తాగునీటి గోడు ఢిల్లీకి వినిపించాలని వందలమంది పోటీకి దిగి, మొత్తం అభ్యర్థులను 480 మందికి చేర్చి, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంగా మార్చేశారు. తమ బాధకు బ్యాలెట్‌లోనే చోటు కల్పించుకున్న జిల్లా ఇది. ధర్మభిక్షం కల్లుగీత కార్మికులను సంఘంగా నిలబెట్టి, చెట్టు మీద హక్కు గీసేవాడికే ఉండాలని జీవితాంతం అడిగారు. కాంట్రాక్టర్ల స్థానంలో సహకార సంఘాలు రావడం వెనుక అలాంటి పోరాటాలున్నాయి. ఆ న్యాయాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే ఆ పోరాటమంతా చెట్టు దగ్గర ఆగింది, చెట్టు దిగాక కల్లుకు ఏమవుతుందో చూసే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

చెట్టు దిగాక ఏమవుతుందో తెలియాలంటే ముందు చెట్టు మీద జరిగేది చూడాలి. గీత కార్మికుడు మోకు వేసి, ముత్తాదు బిగించి, పొద్దునా సాయంత్రమూ ఎక్కుతాడు. గెల చివర పలచగా చెక్కి లొట్టి కడతాడు. ఒక్కో చెట్టు ఇచ్చేది కొద్ది లీటర్లే, అదీ కాలాన్ని బట్టి. దించిన కల్లు ఆ రోజు దాటితే పులిసిపోతుంది. చెట్లు తగ్గుతూ గిరాకీ పెరిగితే లెక్క కుదరదు. కుదరని చోట నీళ్లు, శాకరిన్, వాటితోపాటు మత్తు పొడి చేరాయి. మొదట క్లోరల్ హైడ్రేట్, తర్వాత జనం డైజోఫాం అనే డయాజిపామ్, ఆ తర్వాత ఆల్ప్రాజోలం. చివరి రెండూ నిద్రకూ ఆందోళనకూ డాక్టర్లు రాసే మందులు. రోజూ ఒంట్లో పడితే నరాలు వాటికి అలవాటు పడతాయి. ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనబడతాయి, ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. తాగేవాడికి మాత్రం తాను తాగింది కల్లేనన్న నమ్మకం.

రాజకీయం ఇక్కడ చేసిందేమిటి? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు లేపిన ఉద్యమంతో 1993లో సారా పోయింది. ఎన్టీఆర్ హామీతో 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ నిషేధంలోనూ కల్లుకు మినహాయింపు ఉంది. హైదరాబాద్‌లో 2004లో మూసిన కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. ఆ మరుసటి ఏడాదే కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమయ్యాయి. దాంతో నిజామాబాద్ వంటి జిల్లాల్లో మందు కల్లు దొరక్క వింతగా ప్రవర్తిస్తున్న మనుషులను కుటుంబాలు ఆస్పత్రులకు మోసుకెళ్లాయి. 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ముందు అదే దృశ్యం. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. దుకాణం తెరిచినా మూసినా దెబ్బ తిన్నది తాగే కూలి మనుషులే.

ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. అమెరికాలో నొప్పి మాత్రలకు లక్షల మందిని అలవాటు చేశాక, 2010 తర్వాత ఆ మాత్రలు దొరకడం కష్టం చేశారు. అలవాటుపడ్డవాళ్లలో చాలామంది హెరాయిన్‌కూ, తర్వాత ఫెంటానిల్‌కూ మళ్లారు, చావులు ఇంకా పెరిగాయి. సరుకును ఆపినంత మాత్రాన అలవాటు ఆగదని అక్కడి అభ్యర్థులు ఇప్పుడు చికిత్స గురించీ మాట్లాడాల్సి వస్తోంది.

ఇదంతా పోలీసులు చూసుకోవాల్సిన నేరమని కొందరంటారు. ఆల్ప్రాజోలం తయారుచేసి అమ్మేవాళ్లను జైలుకు పంపాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ దాడి జరిగిన మర్నాడు ఫిట్స్‌తో పడిపోయే మనిషికి పోలీసు ఏం చేయగలడు? 1985 నాటి మత్తుమందుల చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. వ్యసనపరుడు తానుగా చికిత్సకు వస్తే కొన్ని కేసుల్లో విచారణ నుంచి రక్షణ ఇస్తుందది. అమ్మేవాడికీ అలవాటుపడ్డవాడికీ ఉన్న తేడా చట్టం చేసినవాళ్లకూ తెలుసు. ఇంకో అభ్యంతరం బరువైనది: కల్తీ గురించి మాట్లాడితే గీత వృత్తికీ, గౌడ కులానికీ మచ్చ తెచ్చినట్టవుతుందని. నిజానికి మందు కల్లు వల్ల మొదట నష్టపోయేది ఎండల్లో చెట్టెక్కి అసలు కల్లు దించేవాడే. అతని కల్లు పొడి కలిపిన నీళ్లతో పోటీ పడలేదు. 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా కిట్లు వచ్చాయి, సంతోషం. చెట్టు మీద నుంచి పడకుండా కాపాడే ప్రభుత్వం కిందున్న సీసానూ పరీక్షిస్తే ఆ వృత్తికి మేలే జరుగుతుంది.

2019లో సూర్యాపేటకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఈ జిల్లాలోని చివ్వెంల మండలం నుంచి అది దూరమేమీ కాదు. దాడులకు ముందే ఆ కళాశాల ఆస్పత్రిలో పడకలు సిద్ధం చేసి, మోతాదును వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించే చికిత్స ఇస్తామనీ, మండలంలో ప్రతి దుకాణం నమూనా ఫలితాన్ని గ్రామపంచాయతీ గోడ మీద అంటిస్తామనీ ఒక అభ్యర్థి చెప్పవచ్చు. ఓట్లు అడగడానికి వచ్చినవాళ్లను చివ్వెంల ఓటరు ముందుగా అడగాల్సింది ఈ రెండిటి గురించే.