మంజీర వాలు – పాపన్నపేట మంచినీరు

మెతుకుసీమలో పాపన్నపేటకు పాత గౌరవము కలదు. సంస్థానపు రోజులలో దీనిని ఏలిన రాణి శంకరమ్మ పేరు ఆ ప్రాంతమున నేటికిని వినవచ్చును. ఆమె కుమారుని పేరనే సంగారెడ్డి పట్టణము వెలసినదని చెప్పుదురు. కాని ఇప్పుడు మేము ముచ్చటింపదలచినది గడీల కథ కాదు, నీటి కథ. బిందెడు మంచినీరు ఇంటికి చేరుటకు ఊరు ఎంత శక్తిని వెచ్చింపవలసివచ్చును, ఆ నీరు నిరపాయకరముగా చేరునా అన్నవి ఈ కథలోని రెండు ప్రశ్నలు.

మహారాష్ట్రములోని బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీర బీదరు సీమను దాటి వచ్చి, పాపన్నపేట మండలములోని నాగసానిపల్లి చెంత ఏడు పాయలుగా చీలును. వనదుర్గ కొలువు అక్కడనే. ఆ కోవెలకు ఎగువన, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఏలుబడిలో, 1905లో ఘనపురము ఆనకట్ట వెలసినది. దాని నుండి మహబూబ్ నహర్, ఫతే నహర్ అను రెండు కాలువలు సాగినవి. రెండింటి క్రింద 21,625 ఎకరముల ఆయకట్టు. ఈ కాలువలకు ఇంజనులు లేవు, మోటార్లు లేవు. నేల వాలును పట్టి త్రవ్విన కాలువలో నీరు తనంత తానే నడచిపోవును. విద్యుత్తును పొదుపు చేయుమని చెప్పవలసిన అవసరమే లేని ఏర్పాటు అది!

హైదరాబాదు నగరమునకు సయితము మొదట ఇట్టి అదృష్టమే పట్టినది. 1908 నాటి మూసీ వరద తరువాత 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరు, అనగా మన గండిపేట చెరువు, ఎత్తున ఉండుటచే నీరు వాలునబట్టియే ఆసిఫ్‌నగరు వడపోత కేంద్రమునకు చేరెను. నగరము పెరిగినది. గండిపేట చాలలేదు. 1965లో మంజీర నీరు నగరమునకు ప్రయాణము కట్టినది. ఈసారి వాలు సాయపడలేదు, పంపులు ఎత్తవలసివచ్చెను. తరువాత ఎగువన దాదాపు 30 టి.ఎం.సి.ల నీరు పట్టు సింగూరు జలాశయము వచ్చినది. ఆపై ఘనపురము కాలువలలోనికి నీరు రావలెనన్న సింగూరు గేట్లు లేవవలెను. కరవు ఏడులలో మెదకు రైతులు నీటి విడుదలకై రోడ్లెక్కిన సందర్భములు పెక్కు. నగరవాసుల దాహమును మేము తప్పుపట్టము. మేమును ఆ కుళాయి నీరే త్రాగినవారము. కాని ఏటి ఒడ్డునే ఉండి ఏటి నీటికై అర్జీలు పెట్టుకొనవలసివచ్చుట చిన్న కష్టము కాదు.

మరి త్రాగునీటి సంగతి? పూర్వము తెలంగాణ పల్లెలలో దిగుడుబావులు ఉండెడివి. మెట్లు దిగి, మోకాలిలోతున నిలిచి బిందె ముంచుకొనెడివారు. నారికురుపు వ్యాపించినది అట్టి బావుల నుండియే. రోగి కాలిపుండు నీటికి తగులగానే అందులోని పురుగు పిల్లలను వదలును. వానిని కంటికి ఆనని నీటిపురుగులు మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి ఏడాది గడచుసరికి కురుపు లేచును. దీనికి మందు లేదు, టీకా లేదు. 1983-84లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము చెప్పినది సామాన్యమైన సంగతులే: నీటిని గుడ్డతో వడగట్టుడు, దిగుడుబావిని చేదబావిగా మార్చుడు. దేశములో చివరి రోగి 1996లో కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును ఈ వ్యాధి నుండి విముక్తమైనదిగా ప్రకటించినది. ఒక్క యూనిట్ విద్యుత్తు అయినను ఖర్చు కాకుండ సాధించిన ఈ విజయమునకు రావలసినంత కీర్తి రాలేదని మా అభిప్రాయము.

తరువాత చేతిపంపులు, ఆపై గొట్టపుబావులు వచ్చినవి. సౌకర్యము పెరిగినది, రెండు చిక్కులును పెరిగినవి. గ్రానైటు పొరలలో చిరకాలము నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరగును. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీటిని ఏళ్లతరబడి త్రాగినవారి పండ్లు గారకట్టును, ఎముకలు వంగును. నల్లగొండ పల్లెలలో ఎన్ని కుటుంబములు ఈ బాధ పడినవో లోకమునకు తెలిసినదే. రెండవది విద్యుత్తు. లక్ష లీటర్ల నీటిని నూరు మీటర్ల ఎత్తునకు చేర్చుటకు లెక్క ప్రకారము 27 యూనిట్లు చాలును. పంపు శక్తిలో సగము వృథా పోయినచో 54 యూనిట్లు కావలెను. నీటిమట్టము క్రుంగినకొద్దీ ఈ అంకె పెరుగును. కావున పగిలిన గొట్టము నుండి కారునది నీరు మాత్రమే కాదు, విద్యుత్తు కూడ.

ఈ లెక్క చూడవలసిన బాధ్యత పల్లెపాలకులకు ఎట్లు సంక్రమించినది? 1959 అక్టోబరు 11న షాద్‌నగరులో నెహ్రూ పండితుడు ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్యమును ప్రారంభించెను. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పేర్కొన్నది. త్రాగునీరు అందులో 11వది, గ్రామ విద్యుదీకరణము 14వది, సంప్రదాయేతర శక్తి వనరులు 15వది. ఒకే పట్టికలో, ఇరుగుపొరుగున!

2016 ఆగస్టు 7న, నాటి మెదకు జిల్లాలోనే ఉన్న గజ్వేలు చెంత కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైనది. శుద్ధిచేసిన నదీజలమును ఎత్తైన చోటికి చేర్చి, అక్కడినుండి సాధ్యమైనంత మేర వాలునబట్టియే ఊళ్లకు పంపుట దాని పద్ధతి. ఘనపురము కాలువల నాటి కిటుకే ఇనుప గొట్టములలో మరల ప్రవేశించినదన్నమాట. అయినను తొలి ఎత్తు పంపులదే. ఊరి మొదలు వరకు వచ్చిన నీటిని ఇంటింటికి పంచుట, ట్యాంకు కడిగించుట, క్లోరిన్ కలిపించుట ఊరి పనులు. వీధిదీపముల బిల్లు, బోరుమోటారు బిల్లు చెల్లింపవలసినదియు పంచాయతీయే. ట్యాంకు నిండి పొర్లుచుండగా మోటారు ఆపువారు లేకపోయినచో ఆ బిల్లు ఎంత పెరిగినదో గ్రామసభలో అడుగుటకు ఓటరైన ప్రతివారికిని హక్కు కలదు.