ఆకలీ, ఆనందమైడూ

మన సాహిత్యంలో ఆకలిని గురించి పుట్టిన రచనలకు లెక్కలేదు. అయితే ఆకలి శరీరంలో ఏ విధంగా పుడుతుంది, విస్తరి ముందు కూర్చున్న మనిషి 'ఇక చాలు' అని ఎందుకు లేస్తాడు అన్న ప్రశ్న మన రచయితలకు అంతగా పట్టలేదు. దాన్ని నీతిబోధకులకు వదిలివేశాం. ఎక్కువ తినేవాడు తిండిపోతు, మానుకోలేనివాడు నిగ్రహం లేనివాడు. తీర్పు అంతటితో సరి.

ఈ ప్రశ్నకు దొరికిన జవాబులో ఒక ముఖ్యభాగం గంజాయి మొక్క వెంట నడిచి వచ్చింది. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు తన భావప్రకాశంలో భంగును జఠరాగ్నిని పెంచే ద్రవ్యంగా చెప్పాడు. బజారులో గంజాయి అమ్మేవాడికీ, తాగేవాడికీ ఆ సంగతి తెలుసు. దానిని ఆధునిక వైద్యం కాగితం మీద పెట్టింది 1839లో. కలకత్తా మెడికల్ కాలేజీలో ఆచార్యుడుగా వున్న ఐరిష్ వైద్యుడు విలియం బ్రూక్ ఒషానెస్సీ గంజాయి గుణాలపై ఒక సుదీర్ఘవ్యాసం రాశాడు. (మన దేశంలో టెలిగ్రాఫు తీగెలు వేయించినవాడూ ఈయనే.) మధుసూదన గుప్తా, కమలాకాంత విద్యాలంకార్ వంటి దేశీయ పండితులు తనకు తోడ్పడ్డారని ఆయన ఒప్పుకున్నాడు. తర్వాత వచ్చిన చరిత్రకారులు ఆ పేర్లను అంత శ్రద్ధగా నిలుపుకోలేదు.

ఆ వ్యాసంలో ఒక రోగి వున్నాడు. కీళ్లవాతంతో ఆసుపత్రిలో పడివున్నవాడు. మందు యిచ్చిన కొన్ని గంటలకు పాటలు అందుకున్నాడు, తనకు జబ్బే లేదన్నాడు, ఇంకా తిండి పెట్టమని గట్టిగా కేకలు వేశాడు. మందు యిచ్చిన వాళ్లందరిలోనూ ఆకలి విశేషంగా పెరిగిందని ఒషానెస్సీ నమోదు చేశాడు. ఎందుకు పెరిగిందో చెప్పే సాధనాలు ఆ కాలానికి లేవు.

నల్లమందు నుంచి మార్ఫీన్‌ను 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే వేరుచేశారు. గంజాయి సారం మాత్రం జిగురునూనెలా వుండి స్ఫటికంగా గడ్డకట్టదు. అందువల్ల దాని మత్తుకు మూలమైన టీహెచ్‌సీని శుద్ధరూపంలో వేరుచేసి దాని నిర్మాణాన్ని తేల్చడం 1964 వరకూ సాధ్యం కాలేదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో గావొనీ, మెషౌలం ఆ పని చేశారు. 1988లో అమెరికాలో ఆలిన్ హౌలెట్, ఆమె శిష్యుడు డివేన్ మెదడులో ఈ పదార్థం పట్టుకునే గ్రాహకాన్ని కనిపెట్టారు. దాని పేరు సీబీ1.

ఇక్కడొక చిక్కుప్రశ్న పుట్టింది. ఎక్కడో పొలంలో పెరిగే మొక్క తాళంచెవికి సరిపోయే తాళాన్ని మనిషి మెదడు ఎందుకు పెట్టుకుంది? శరీరమే అటువంటి తాళంచెవిని తయారుచేసుకుంటూ వుండాలి. 1992లో డివేన్, హనుష్, మెషౌలం ప్రభృతులు పంది మెదడు నుంచి దాన్ని వెలికితీశారు. సంస్కృతంలోని ఆనంద శబ్దాన్ని తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. పేరు చూసి మన పూర్వులకు ఇదంతా ముందే తెలుసునని చంకలు గుద్దుకోవడం తగదు. మన పూర్వులు ఫలితాన్ని చూశారు. కారణం ప్రయోగశాలలో తేలింది. రెండూ గౌరవించదగినవే గాని రెండూ ఒకటి కావు.

1995లో టూ-ఏజీ అనే రెండవ పదార్థం బయటపడింది. ఈ పదార్థాలు, వాటి గ్రాహకాలు, వాటిని పుట్టించి విరిచివేసే ఎంజైములు కలిసినదే ఎండోకన్నాబినాయిడ్ వ్యవస్థ. కడుపు మాడ్చిన ఎలుకల మెదడులో ఇవి పెరుగుతాయి. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ హైపోథాలమస్‌లో వీటిని తగ్గిస్తుందని 2001లో డి మార్జో, కునోస్ బృందాలు చూపాయి. అదే సంవత్సరం ఎస్తేర్ ఫ్రైడ్ చేసిన ప్రయోగం ఇంకా గట్టిది. పుట్టిన తొలిరోజున సీబీ1ను మూసివేస్తే ఎలుకపిల్లలు తల్లిపాలు తాగలేక చచ్చిపోయాయి. తొలి గుక్కకు కూడా ఈ వ్యవస్థ కావాలన్నమాట. తిండిపోతుతనం అంటూ నిందించేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

'ఆకలి రుచి ఎరుగదు' అని మన సామెత. 2014లో ఫ్రాన్సులో మార్సికానో బృందం పస్తున్న ఎలుకల్లో ఈ పదార్థాలే వాసన పట్టే శక్తిని పదునుపెట్టి, మరింత తినేట్టు చేస్తాయని కనుగొన్నది. సామెత కడుపు నిండినవాడు దూరాన నిలబడి చెప్పినట్టుంది. ఆకలిగొన్నవాడికి రుచి తెలియకపోవడం కాదు, గంజిలో కూడా రుచి తెలుస్తుంది.

ఇంత తెలిశాక ఈ జ్ఞానం ఎవరికి ఉపయోగపడింది? 1992లో అమెరికాలో ఎయిడ్స్‌తో చిక్కిపోయేవారికి ఆకలి పుట్టించడానికి కృత్రిమ టీహెచ్‌సీని అనుమతించారు, అది మంచిపనే. పెద్ద పెట్టుబడి మాత్రం ఆకలిని చంపే మాత్రపైకి మళ్లింది. సనోఫీ-అవెంటిస్ కంపెనీ తయారుచేసిన రిమోనాబంట్ సీబీ1ను మూసివేస్తుంది. ఏడాదిపాటు రోజుకు 20 మిల్లీగ్రాములు వాడినవారు సగటున 6.6 కిలోలు తగ్గారు. ఉత్తుత్తి మాత్ర వాడినవారు 1.8 కిలోలు. 2006లో ఐరోపా అనుమతించింది. కాని మెదడులో ఆకలికొకటి, సంతోషానికొకటి వేర్వేరు సీబీ1లు లేవు. మందు వాడినవారిలో దిగులు, ఆందోళన, ఆత్మహత్య తలపులు పెరిగాయి. 2007 జూన్‌లో అమెరికా సలహాసంఘం ఏకగ్రీవంగా తిరస్కరించింది. 2008 అక్టోబరులో ఐరోపాలో అమ్మకం నిలిపివేశారు. మన దేశంలో అనేక కంపెనీలు రకరకాల పేర్లతో అమ్ముతున్న ఈ మందుపై నిషేధం 2009 డిసెంబరులో గాని రాలేదు.

ఆ ప్రయత్నం అంతటితో ఆగలేదు. మెదడులోకి తక్కువగా చొరబడుతుందని చెప్పిన మోన్లునబంట్ అనే కొత్త మందు ఫలితాలు 2024లో వెలువడ్డాయి. బరువు తగ్గింది, ఆందోళన, చిరాకు, నిద్రపట్టకపోవడం కూడా కనిపించాయి.