బెంగళూరులో ఔత్సాహిక ఖగోళ పరిశీలన

కొలువు కోసం కాక ఇష్టం కొద్దీ ఆకాశాన్ని చూసి నేర్చుకునేవారికి బెంగళూరులో ఒక సంఘం 1976లో ఏర్పడింది: బెంగళూరు ఔత్సాహిక ఖగోళవేత్తల సంఘం. అంతకు ముందు ఏడాదే భారత ఖగోళ భౌతిక సంస్థ ప్రధాన కార్యాలయం కొడైకెనాల్ నుంచి ఈ ఊరికి వచ్చింది. అప్పటి సంచాలకుడు వైను బప్పు హైదరాబాదులో పెరిగినవారు. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. నిజాం కాలేజీలో విద్యార్థిగా ఉండగానే వెలుగు హెచ్చుతగ్గులయ్యే తారలను గమనించి, ఆ వివరాలు ప్రచురించారు. అంతటి శాస్త్రవేత్తా మొదట ఔత్సాహికుడే.

నగరంలోని హైగ్రౌండ్స్‌లో 1989లో వెలసిన జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటేరియం ఈ ఆసక్తిని బడిపిల్లల దాకా తీసుకెళ్లింది.

సంఘాలు నేర్పిన విద్యల్లో గొప్పది టెలిస్కోపు అద్దాన్ని చేత్తో అరగదీయడం. రెండు మందపాటి గాజు బిళ్లల మధ్య తడి కార్బొరండం పొడి వేసి, పై బిళ్లను ముందుకూ వెనక్కూ నెడుతూ, కొద్దికొద్దిగా తిప్పుతూ పోతారు. గంటలు గడిచేకొద్దీ పై బిళ్ల నడుమ పల్లం పడుతుంది, కిందిది ఉబ్బుతుంది. ఆ పల్లాన్ని నునుపు చేసి అల్యూమినియం పూత పూస్తే దర్పణం సిద్ధం. కొన్న పరికరం ఇంత నేర్పదు.

బెంగళూరు సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ధ్రువ నక్షత్రం దిగంతానికి 13 డిగ్రీల ఎత్తులోనే, చాపిన చేతి పిడికిలికి కాస్త పైన, మేడల చాటున దాగుతుంది. బదులుగా దక్షిణాన అగస్త్య నక్షత్రం బాగా కనిపిస్తుంది. ఏప్రిల్ చివరి వారంలోనూ ఆగస్టు మూడో వారంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. కొత్తవారికి ఇంతకన్నా మంచి తొలి పాఠం దొరకదు, ఖర్చూ లేదు.

వీధిదీపాలు పెరిగి పాలపుంత ఊరి నుంచి కనుమరుగైంది. చంద్రుడి గుంతలు, గురుడి ఉపగ్రహాలు, శని వలయాలు మాత్రం చిన్న టెలిస్కోపుతో మిద్దె మీంచే చూడవచ్చు. నీహారికలు కావాలంటే ఊరు దాటాల్సిందే. అలా ఊరికి దూరంగా, తమిళనాడులోని జవ్వాది కొండల్లో ఉన్న కావలూరు వేధశాలలో 1986లో ప్రారంభమైన 2.34 మీటర్ల టెలిస్కోపుకు బప్పు పేరే పెట్టారు. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బులు అడ్డొస్తాయి కనుక, నవంబరు తర్వాతి అమావాస్య రాత్రులే పరిశీలనకు అనువైనవి.