అశోకుడు నాటని చెట్టు

మా ఇల్లు పడమటి ముఖం. అనంతపురంలో పడమటి ముఖం ఇల్లంటే ఏమిటో ఆ ఎండ తిన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, తినని వాళ్లకు చెప్పినా తెలియదు. వెనకటికి వాకిట్లో మా నాయన పెట్టిన వేపచెట్టు ఉండేది. దాని కింద అరుగు. మధ్యాహ్నం రెండు దాటిందంటే మా అమ్మ ఆ అరుగు మీదే. చింతపండులో గింజలు తీసినా, బియ్యంలో రాళ్లు ఏరినా, పోస్టుమాన్‌ను నిలబెట్టి మజ్జిగ తాగించినా అక్కడే.

ముందు గది పెంచుదామనే బుద్ధి నాకు పుట్టింది. చెట్టు కొట్టించాను. అమ్మ ఒక్క మాట అనలేదు. అరుగు మీద కూర్చోవడం మానేసింది, అంతే. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

తప్పు దిద్దుకుందామని ఒక నర్సరీకి వెళ్లి, "నీడనిచ్చే చెట్టు కావాలయ్యా" అన్నాను. "అశోకా వేసుకోండి సార్, తొందరగా పెరుగుతుంది, స్థలం తినదు" అన్నాడతను. నాకు చిన్నప్పటి చరిత్ర పాఠం గుర్తొచ్చింది. అశోకుడు బాటలకు ఇరువైపులా చెట్లు నాటించెను! ఆ మహారాజు పేరు పెట్టుకున్న చెట్టు నీడనివ్వకపోతే ఇంకేది ఇస్తుంది? ఆరు మొక్కలు తెచ్చి వరసగా పాతాను.

నాలుగేళ్లలో మిద్దె దాటాయి. ఆకులన్నీ ఒంటికి అంటించుకుని, వానకు తడిసిన మనిషి చేతులు ముడుచుకున్నట్టు నిలబడ్డాయి. ఒకనాడు అమ్మ చాప తెచ్చుకుని ఒకదాని నీడలో వేసుకుంది. పావుగంటలో నీడ జరిగింది. ఆవిడా జరిగింది. అలా మూడుసార్లు జరిగి, చాప చుట్టి చంకన పెట్టుకుని, "ఏం నాయనా, ఇది చెట్టా, జెండా కొయ్యా?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత గుత్తిలో ఒక పెళ్లికి వెళ్లాను. ముహూర్తానికి ఇంకా వేళుందంటే పత్తికొండ దారిలో ఉన్న ఎర్రగుడికి బయల్దేరాను. పొలాల మధ్య చిన్న గుట్ట, దాని బండల మీద అశోకుడి శాసనాలు. బ్రాహ్మీ లిపి నాకు రాదు. వచ్చినా ఆ ఎండలో చదివే ఓపిక లేదు. అక్కడ చెక్కిన వాటిలో రెండో శిలాశాసనం సంగతి ఇంటికొచ్చి పుస్తకంలో చదివాను. మనుషులకూ పశువులకూ వైద్యం, మందుమొక్కలు తెప్పించి నాటించడం, దారుల వెంట బావులు, చెట్లు. క్రీ.పూ. 3వ శతాబ్దిలో మన ఊరి పక్క బండ మీద ఈ మాటలున్నాయంటే ఒళ్లు పులకరించదూ?

ఏ చెట్లో మాత్రం ఆ బండ చెప్పదు. అది ఢిల్లీలోని స్తంభం చెబుతుంది. 14వ శతాబ్దిలో ఫిరోజ్ షా తుగ్లక్ దాన్ని తోప్రా అనే ఊరినుంచి దూదిలో పొదిగి, 42 చక్రాల బండి మీద, ఆపైన పడవల మీద ఢిల్లీ చేర్పించాడు. అంత శ్రమపడి తెచ్చాడు గానీ, దానిమీద ఏముందో చదివిపెట్టేవాడు ఆయనకు దొరకలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపి గుట్టు విప్పాకే తెలిసింది: దారుల వెంట మర్రిచెట్లు, మనుషులకూ పశువులకూ నీడ కోసం. ఇంకా మామిడి తోపులు. అంతే! ఆ జాబితాలో అశోకచెట్టు లేదు మహాప్రభో!

ఆలోచిస్తే ఎంత లెక్కగా ఎంచాడో చూడండి. మర్రి ఊడలు దింపి ఎకరాలకు పాకుతుంది, ఇంటిముందు పెడితే ఇల్లే మిగలదు. అదే బాట పక్కనైతే బండ్లూ ఎద్దులతో సహా ఓ బిడారు దాని కిందే దిగిపోతుంది. మామిడికి ఎండ బాగా తగిలితేగాని కాపు రాదు, అందుకని తోపు. చోటు చూసి చెట్టు పెట్టాడు. నేను పేరు చూసి పెట్టాను.

పైగా నేను పెట్టినవి అశోకాలే కావట. వాటి పేరు నరమామిడి. అందులోనూ కొమ్మలు కిందికి వాలే రకం. అసలు అశోకం వేరు. పశ్చిమ కనుమల్లాంటి తడి అడవుల్లో పెద్ద చెట్ల చాటున పెరుగుతుంది. పువ్వులు నారింజ రంగులో విచ్చి ఎర్రబడతాయి. మన్మథుడి అయిదు బాణాల్లో ఒకటి ఇదే. కాళిదాసు నాటకంలో మాళవిక పాదం తాకించి పూయించిన చెట్టూ ఇదే. అశోకారిష్టం కోసం బెరడు వలిచీ వలిచీ ఇప్పుడు అడవుల్లో దానికే శోకం వచ్చిపడింది. అంటే నీడనిస్తుందని నేను ఎండలో పాతిన పేరుగల చెట్టు, పసితనంలో తానే ఒకరి నీడ వెతుక్కునే రకమన్నమాట!

ఈ పేరుతో మోసపోయినవాణ్ణి నేనొక్కణ్ణే కాదులెండి. అశోకవనంలో సీతమ్మ కూర్చున్నది శింశుపా వృక్షం కింద. ఢిల్లీలో అశోకా రోడ్డు మీద వరసగా ఉన్నవి నేరేడు చెట్లు.

నరమామిళ్లను కొట్టేద్దామా అనుకున్నాను గానీ, ఒకసారి కొట్టి అనుభవించినవాణ్ణి గనక చెయ్యాడలేదు. ప్రహరీ పక్కన కాస్త ఎడంగా కానుగ మొక్క పెట్టాను. కానుగ మన ఎండలకు పుట్టిన చెట్టు. వేసవికి ముందు ఆకు రాల్చి, అసలు ఎండలు ముదిరేసరికి లేత పచ్చని ఆకు కప్పుకుని గొడుగులా సిద్ధంగా ఉంటుంది. అది గుబురెక్కాక, దాని చాటున, బెంగుళూరు నుంచి తెచ్చిన అసలు అశోకం మొక్క ఒకటి నాటాను. రోజూ రెండు బిందెల నీళ్లు.

కానుగ నీడ అరుగును పూర్తిగా కమ్మడానికి ఆరు వేసవులు పట్టింది. అప్పటికి అమ్మకు చూపు తగ్గింది. చాప తనే వేసుకుని, చేత్తో తడిమి, "ఇదేం మొక్కరా?" అంది.

"అసలైన అశోకం అమ్మా."

"ఇదీ ఎండలోనేనా?"

"కాదమ్మా, దీనికి నీడ కావాలి."

"ఐతే నా పక్కన ఉండనీ" అంది.

రెండు వేసవులు అలా కూర్చుంది. ఆవిడ పోయిన మరుసటేడు ఫాల్గుణంలో అశోకం పూసింది. మానుకే అంటుకుని నారింజ గుత్తులు. పోస్టుమాన్ ఈ వీధికి రావడం బాగా తగ్గిపోయింది. నేను చూస్తుండగా ఓ కొరియర్ కుర్రాడు కానుగ కింద బండి ఆపి, చెమట తుడుచుకుని, కాసిని మంచినీళ్లడిగాడు. ఇంట్లో మజ్జిగ ఉందేమో చూసొస్తానని లోపలికి వెళ్లాను.