ఓవర్‌క్లాకింగ్‌లో ప్రాసెసర్ వేడి నియంత్రణ

తయారీదారు ఖరారు చేసిన వేగాన్ని మించి ప్రాసెసర్‌ను పరుగెత్తించడమే ఓవర్‌క్లాకింగ్. వేగంతో పాటు వేడీ పెరుగుతుంది కనుక దాన్ని ఎప్పటికప్పుడు బయటికి పంపే ఏర్పాటు ఉండాలి. చాలాకాలం ఇది ఔత్సాహికుల సరదాగానే సాగింది. ఇప్పుడు చేవెళ్ల నియోజకవర్గంలోని షాబాద్ మండలం చందనవెల్లి వంటి డేటా సెంటర్ల ఊళ్లకు చిప్పుల వేడి పెద్ద పెట్టుబడుల వ్యవహారం.

చిప్పు తినే విద్యుత్తు దాని వేగాన్ని బట్టి పెరుగుతుంది, వోల్టేజి వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచి, అది నిలకడగా నడవడానికి వోల్టేజి కూడా 10 శాతం పెంచితే విద్యుత్తు ఖర్చు సుమారు 33 శాతం ఎక్కువవుతుంది. అదంతా చివరికి వేడే. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పుల్లో చాలావాటికి హద్దు 100 డిగ్రీల సెల్సియస్, ఏఎమ్‌డీ రైజెన్ 7000 వరసలో ఎక్కువ వాటికి 95. హద్దు తాకగానే చిప్పు తనంతట తానే నెమ్మదిస్తుంది, అంటే పెంచిన వేగం కాస్తా పోతుంది.

నీటితో చల్లబరచడం కుర్రాళ్లు కనిపెట్టిన విద్య అనుకుంటారు గానీ, అది పెద్ద యంత్రాల నుంచే వచ్చింది. 1980లో ప్రకటించిన ఐబీఎం 3081 మెయిన్‌ఫ్రేమ్‌లో చిప్పుల వేడిని నీళ్లే మోసుకుపోయేవి. 1985 నాటి క్రే-2 సూపర్ కంప్యూటర్ బోర్డులైతే ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో నిలువునా మునిగి ఉండేవి. అదే కాలపు పర్సనల్ కంప్యూటర్‌కు ఈ బాధే లేదు. 1981 నాటి ఐబీఎం పీసీలోని 8088 చిప్పు 4.77 మెగాహెర్ట్జ్‌తో, నెత్తిన హీట్‌సింక్ కూడా లేకుండా నడిచింది.

ఓవర్‌క్లాకింగ్‌ను ఇంటింటి ఆటగా మార్చింది 1998 నాటి ఇంటెల్ చిప్పు సెలెరాన్ 300ఏ. మదర్‌బోర్డు బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450తో నడిచేది, అదీ మామూలు ఫ్యాన్‌తోనే. ఆ రోజులు మళ్లీ రాలేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వారు నడుస్తున్న చిప్పుల మీద నుంచి హీట్‌సింక్ ఊడదీసి చూపించారు. ఇంటెల్ పెంటియం 4 వేగం తగ్గించుకుని బతికింది, ఏఎమ్‌డీ అథ్లాన్ క్షణాల్లో మాడిపోయింది. ప్రాసెసర్‌కు ఆత్మరక్షణ ఎంత అవసరమో ఆ ఒక్క ప్రదర్శన చెప్పినంతగా ఏ పుస్తకమూ చెప్పలేదు. 2004లో ఇంటెల్‌కే వేడి అడ్డుగోడ అయింది. తేజస్ చిప్పును, 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4నూ మానుకుని, మరుసటి ఏడాది రెండు కోర్ల దారి పట్టింది.

చల్లబరచే ఏర్పాటే వేగానికి హద్దు గీస్తుందనడానికి తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఉంది. కొవ్వూరులో పుట్టిన రాజా కోడూరి ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపిన కాలంలో, 2017 ఆగస్టులో రేడియాన్ ఆర్‌ఎక్స్ వేగా 64 కార్డు వచ్చింది. గాలితో చల్లబడే రకానికి 295 వాట్లు ఇస్తే, అదే చిప్పుతో నీటి గొట్టాలున్న రకానికి 345 వాట్లు ఇచ్చి మరింత వేగం రాబట్టారు.

డేటా సెంటర్లలోకి ఓవర్‌క్లాకింగ్ అడుగుపెట్టింది పరిశోధన రూపంలో. సర్వర్లను తక్కువ వేడికే మరిగే ద్రవంలో ముంచితే చిప్పులను అవసరమైనప్పుడు అదనపు వేగంతో నడపవచ్చని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2021లో చూపారు. అయితే అలాంటి ద్రవాల్లో కొన్ని ప్రకృతిలో తేలిగ్గా విచ్ఛిన్నం కాని రసాయనాల కోవలోవి. వాటి తయారీని 2025 చివరికల్లా మానేస్తామని 3ఎం సంస్థ 2022 డిసెంబరులో ప్రకటించింది. ఆ తర్వాత అందరి చూపూ చిప్పు మీద చల్లని పలక బిగించి ద్రవాన్ని ప్రవహింపజేసే పద్ధతి మీదికి మళ్లింది. 1980 నాటి మెయిన్‌ఫ్రేమ్‌కు దగ్గరి చుట్టమే ఇది.

ఇక మన దగ్గరికి వస్తే, అమెజాన్ వెబ్ సర్వీసెస్ తన హైదరాబాద్ రీజియన్‌ను, అంటే డేటా సెంటర్ల సముదాయాన్ని, 2022 నవంబరు 22న ప్రారంభించింది. ఆ సంస్థ డేటా సెంటర్లకు ఎంచుకున్న చోట్లలో చందనవెల్లి ఒకటి. ఇక్కడ వేడి సంగతి నీటి సంగతి కూడా. ఒక మెగావాట్ వేడిని పూర్తిగా నీటిని ఆవిరి చేసే పోగొట్టాలంటే గంటకు దాదాపు 1,500 లీటర్లు కావాలి. పొరుగున మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతమేమో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరీవాహకం. జలాశయాల రక్షణకు 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను నిషేధించింది. ఇలాంటి నేల పక్కన వచ్చే ప్రతి డేటా సెంటర్ నీటిని ఆవిరి చేస్తుందా, మూసిన గొట్టాల్లో తిప్పుకుంటుందా అన్నది జనానికి తెలిసేలా ఉండాలి.

మొయినాబాద్ పరిసరాల్లోని ఇంజినీరింగ్ కాలేజీల కుర్రాళ్లకు విడిభాగాల సంత సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, వాడుకలో సీటీసీ. అక్కడ ఏ కూలర్ కొన్నా ఒక నియమం మారదు: ఫ్యాన్ అయినా, నీటి రేడియేటర్ అయినా చిప్పును గది వేడికంటే కిందికి దించలేదు. 25 డిగ్రీల గదిలో 75 చూపించే చిప్పు, అదే పని మీద 40 డిగ్రీల గదిలో 90 దగ్గరికి చేరుతుంది. గదిలో ఎయిర్ కూలర్ పెడితే పొడి ఎండల్లో బాగానే సాయపడుతుంది, వానాకాలపు ఉక్కలో మాత్రం దాదాపు వృథా. ద్రవ నైట్రోజన్‌ మైనస్ 196 డిగ్రీల వద్ద మరుగుతుంది కనుక రికార్డుల పోటీల్లో దాన్ని పోస్తారు. 2022లో కోర్ ఐ9-13900కె 8.8 గిగాహెర్ట్జ్ దాటింది దానితోనే. అది నిమిషాల ముచ్చట. ఇంట్లో రోజూ వాడుకునేవారు తమ చిప్పు వేగాన్ని జనవరిలో కాక మే నెల మధ్యాహ్నం పరీక్షించి ఖాయం చేసుకోవాలి.