కడెం: మన కొండల నది

నది బొమ్మ గీయమంటే మా హాస్టల్ పిల్లలు ముందుగా రెండు మంచు కొండలు గీస్తారు. మధ్యలో సూర్యుడు, కింద నీలం గీత. మన ఆదిలాబాద్ గుట్టల మీద మంచు ఎక్కడిది? అయినా మనకూ ఒక కొండ నది ఉంది, దాని పేరు కడెం. ‘అది ప్రాజెక్టు కదా మేడం!’ అంటారు పిల్లలు. ప్రాజెక్టు కంటే ముందు నది ఉందని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

హిమాలయాల్లో, ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాల్లో మంచు కరుగుతూ ఎండాకాలంలో కూడా నదులకు నీళ్లిస్తుంది. రైన్, రోన్ నదులు అట్లాంటివే. కడెంకు ఆ ఆసరా లేదు. మంచు చేసే పనిని ఇక్కడ అడవి చేస్తుంది. ఆకులు, వేర్లు, మన్ను వాన నీటిని పట్టి ఉంచి మెల్లమెల్లగా వాగులకు వదులుతాయి. అడవి పలచబడిన చోట వాన పడగానే వాగు మీదికి దూకుతుంది, ఎండలు రాకముందే ఇసుక తేలుతుంది.

బజార్‌హత్నూర్ దగ్గరి కొండల్లో పుట్టిన ఈ నది నేరడిగొండ మండలంలో కుంటాల దగ్గర సుమారు 45 మీటర్ల కిందికి దూకుతుంది. శివరాత్రికి అక్కడి సోమేశ్వరుని దర్శనానికి మీలో చాలామంది పోయే ఉంటారు. అక్కడి నుంచి అడవుల వెంట పారి, పెద్దూరు దగ్గర ప్రాజెక్టులో నిలిచి, ఆ తర్వాత గోదావరిలో కలుస్తుంది. ఇవే కొండల ఉత్తరపు వాలున పడిన వాన పెన్‌గంగలోకి పోతుంది. అక్కడి నుంచి వార్ధాతో కలిసి ప్రాణహితగా మారి, పాత కరీంనగర్ జిల్లా కాళేశ్వరం దగ్గర గోదావరిని చేరుతుంది. గుట్టకు అటు పడ్డ చినుకు, ఇటు పడ్డ చినుకు చివరికి అక్కడ కలుస్తాయన్నమాట.

ఇక ప్రాజెక్టు సంగతి. 1958 వరదకు కట్ట తెగింది. అప్పుడున్నవి తొమ్మిది గేట్లు, ఆ తర్వాత ఇంకో తొమ్మిది పెట్టారు. 1995లో మళ్లీ గండి పడింది. 2022 జులైలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. గేట్లన్నీ ఎత్తినా పోయేది సుమారు 3 లక్షలే. నీళ్లు గేట్ల మీది నుంచి పొర్లుతుంటే కింది ఊళ్లను ఖాళీ చేయించారు. కొండ నది గుణం అదే. వాలు ఎక్కువ కాబట్టి వచ్చే నీరు గంటల్లోనే వచ్చిపడుతుంది.

ప్రాజెక్టు నీళ్లు జన్నారం, దండేపల్లి, లక్షెట్టిపేట పొలాలకు పారుతున్నాయి, మంచిదే. కాని కాలువ గుట్ట ఎక్కదు. నది పుట్టిన కొండల్లో మన పత్తి, జొన్న ఇప్పటికీ మొగులు వైపు చూడాల్సిందే. కుమ్రం భీము జోడేఘాట్‌లో 1940లో ప్రాణమిచ్చిన పోరాటాన్ని తలచుకుని ‘జల్, జంగల్, జమీన్’ అంటాం. అందులో జల్ ముందు ఉన్న సంగతి మరచిపోతుంటాం.

మరిచిపోనివాళ్లు మెస్రం వంశస్థులు. ఏటా పుష్య మాసంలో తెల్లని బట్టలు కట్టుకుని, చెప్పులు లేకుండా కేస్లాపూర్ నుంచి జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు నడిచిపోతారు. ఝరిలో గోదావరి జలం నింపుకుని మళ్లీ నడిచే వస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ జలంతోనే నాగోబాకు అభిషేకం. ఇక్కడ మ్యాప్ ఒకసారి చూడండి. కడెం గోదావరిలో కలిసేది హస్తినమడుగుకు ఎగువన. అంటే కొండ దిగిపోయిన మన నీళ్లే గోదావరిలో కలిసి, కొంతైనా ఝరిలో తిరిగి కొండెక్కుతున్నాయి. ఈ మాట మేము ఏ పుస్తకంలోనూ చదవలేదు, పటం మీద వేలు పెట్టి చూస్తుంటే తోచింది.

కడెంలో కలిసే చిన్న వాగులకు గోండి, కొలామి పేర్లు ఉన్నాయి. చాలావరకు అవి పెద్దల నోళ్లలోనే ఉన్నాయి. సెలవులకు ఊరికి పోయినప్పుడు తాతలను, అవ్వలను అడిగి ఫోన్‌లో వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి పెట్టండి.

పోయినేడు మా హాస్టల్ గోడ మీద పిల్లలతో కడెం మ్యాప్ వేయించాం. నీళ్లు పారే దిక్కుకు బాణం గుర్తులు పెట్టమన్నాం. హస్తినమడుగు నుంచి కేస్లాపూర్‌కు ఏం పెట్టాలో తెలియక పిల్లలు ఆగారు. ఆరో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, బాణాలకు బదులు చిన్న చిన్న పాదాలు గీసింది.