తరుగు లేని బంగారం

మా ప్రొద్దుటూరు వాళ్లకు బంగారం సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. పాత గొలుసు కరిగించి కొత్త హారం చేయించుకోవాలంటే తరుగెంత పోతుందో, మజూరీ ఎంతవుతుందో పదేళ్ల ఆడపిల్ల కూడా చెప్పేస్తుంది. అత్తగారి కాసులపేరు కోడలి గాజులవుతుంది. బంగారం అదే, నగ వేరు.

పాటల్లో కూడా ఇలాంటి కరిగింపులుంటాయని నాకు రికార్డులు వినడం మొదలుపెట్టాకే తెలిసింది. నాకు పాడటం రాదు కానీ వినడమంటే ప్రాణం. లక్కతో చేసిన పాత గ్రామఫోను ప్లేట్ల నుంచి ఇప్పటి సెల్‌ఫోను దాకా దేన్నీ వదల్లేదు. ఆ ప్లేట్లలోని లక్కకూ మనం వేసుకునే లక్కగాజులకూ పుట్టిల్లు ఒకటేనని మీకు తెలుసా? చెట్టుకొమ్మల మీద లక్కపురుగు పెట్టే జిగురే రెండూను. మన అడవుల్లో పుట్టిన ఆ లక్కే ఓడలెక్కి సీమకు పోయి, అక్కడి పాటలు పొదుగుకుని తిరిగొచ్చింది.

ఇంతకూ ఆ కరిగింపు కథ చెప్పాలి. మీ ఇంట్లో హార్మోనియం ఉంటే ఈ స్వరాలు వరసగా నొక్కి చూడండి: స స ప ప ద ద ప, మ మ గ గ రి రి స. ఏమొచ్చింది? బడికి పోయే మీ మనవడు పరుగెత్తుకొచ్చి ‘ట్వింకిల్ ట్వింకిల్’ అని అందుకుంటాడు. ఇంగ్లీషు పిల్లల పాట అనుకుంటాం కానీ, ఆ వరస ఇంగ్లీషు వాళ్లది కానేకాదు. అది ఫ్రెంచి వాళ్లది. 1761లో పారిస్‌లో అచ్చయింది. తర్వాత దానికి మాటలు కట్టారు. ‘అమ్మా, నీతో చెప్పనా’ అని ఒక కన్నెపిల్ల తన మనసులోని బాధ తల్లికి చెప్పుకోవడం ఆ పాట సారాంశం. మన జానపదాల్లో అమ్మతో మొర పెట్టుకునే ఆడపిల్ల లేదూ, ఆ పిల్లే ఫ్రెంచిలో మాట్లాడిందన్నమాట. జేన్ టేలర్ అనే ఇంగ్లీషు కవయిత్రి 1806లో నక్షత్రం మీద గేయం రాసింది. అది ఈ వరసకు జత పడింది ఆ తర్వాతెప్పుడో.

ఇదే వరసను మోట్సార్ట్ తీసుకుని పియానో మీద పన్నెండు రకాలుగా తిప్పి వాయించాడు. 1780ల మొదట్లో కట్టిన ఆ కృతికి బోలెడన్ని రికార్డింగులున్నాయి. వింటూ ఉంటే నాకు మన కచేరీలో నెరవులు గుర్తుకొస్తుంది. ఒకసారి వేళ్లు పరుగెత్తుతాయి, ఒకసారి నింపాదిగా నడుస్తాయి, ఒకచోట ఉన్నట్టుండి వరసంతా దిగులుగా మారిపోతుంది. అన్ని చీరలు మార్చినా లోపలి మనిషిని గుర్తుపట్టవచ్చు.

అది విన్న వెంటనే ముత్తుస్వామి దీక్షితుల ‘శ్యామలే మీనాక్షి’ రికార్డు పెట్టుకుని వినండి. ఎవరు పాడింది దొరికినా సరే. మొదటి గుక్కలోనే మీరు ఉలిక్కిపడతారు. అదే వరస! పారిస్ కన్నెపిల్ల మొర మధుర మీనాక్షమ్మ స్తోత్రమైపోయింది.

ఇదెలా జరిగిందంటారా? దీక్షితులవారు తిరువారూరులో పుట్టినా, చిన్నతనంలో కొన్నేళ్లు మద్రాసు దగ్గరి మణలిలో ఉన్నారు. వాళ్ల కుటుంబాన్ని పోషించిన మణలి ముదలియారుగారికి కంపెనీ దొరలతో రాకపోకలుండేవి. సెయింట్ జార్జి కోటలో దొరల బ్యాండు వాయించేది. ఆ వాద్యం విన్న అన్నదమ్ముల్లో తమ్ముడు బాలుస్వామి ఏకంగా ఫిడేలే పట్టుకుని నేర్చుకున్నాడు. ఇవాళ ఫిడేలు లేని కర్ణాటక కచేరీని ఊహించగలమా? అన్నగారేమో ఆ బ్యాండు వరసలకు సంస్కృతంలో దేవుళ్ల మీద సాహిత్యం కట్టారు. అలాంటివి నలభై దాకా ఉన్నాయి. ఇంగ్లీషు ‘నోటు’ మన నోట నానగా ‘నొట్టు’ అయి, వాటికి నొట్టుస్వరాలనే పేరు వచ్చింది. అన్నీ శంకరాభరణం స్వరాలే. గమకాలు లేకుండా తిన్నగా నడుస్తాయి కాబట్టి పిల్లలకు సులువుగా పట్టుబడతాయి. ఆంగ్లేయుల రాజుగారి స్తుతిగీతం వరస ‘సంతతం పాహిమాం’ అయింది. ‘శక్తి సహిత గణపతిం’ అయితే ‘నాతో నాట్యమాడతావా’ అని అడిగే ఫ్రెంచి పాట వరసేనంటారు. నాట్యమాడే గణపతి మనకు ఉండనే ఉన్నాడు, పేచీ ఏముంది!

ఇక్కడే మా కడప వస్తుంది. వేమన పద్యాలు సేకరించి, నిఘంటువు కూర్చి, పండితులకు జీతాలిచ్చి మన తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించిన సి.పి. బ్రౌన్ దొర 1820లో కడపకు ఉద్యోగానికొచ్చాడు. ఇక్కడ బంగళా కొని, అందులోనే పండితులను కూర్చోబెట్టి పని చేయించాడు. ఆ చోటనే ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం ఉంది. బ్రౌన్ రాయించి పెట్టిన ప్రతుల్లో ఈ నొట్టుస్వరాల సాహిత్యం కూడా ఉంది. అది 1830ల మొదట్లోది. అప్పటికి దీక్షితులవారు బతికే ఉన్నారు. ఆయన పోయింది 1835లో. దొర పాట వరసకు మన విద్వాంసుడు మాట కడితే, మళ్లీ ఒక దొరే దాన్ని పోకుండా పట్టుకున్నాడన్నమాట. ఆ తర్వాత బాలుస్వామి మనవడూ దత్తపుత్రుడూ అయిన సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని, మరుసటేడు ‘ప్రథమాభ్యాస పుస్తకము’ను అచ్చు వేయించారు. ఈ రెండోదాంట్లో నొట్టుస్వరాలను స్వరపరిచి ఇచ్చారు. రెండూ తమిళదేశంలోని ఎట్టయపురంలో అచ్చయినవే. కానీ లిపి మన తెలుగే! వాటివల్లే ఇవాళ మనం ఈ పాటలు పాడుకోగలుగుతున్నాం, రికార్డుల్లో వినగలుగుతున్నాం.

స్వరపరచడం ఎంత గొప్ప ఉపకారమో తెలియాలంటే మా జిల్లా పాటనే ఇంకొకదాన్ని తలుచుకోవాలి. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య కీర్తనలను కొడుకులు, మనవలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచారు. ప్లేట్లంటే అవే కదా మొదటి ప్లేట్లు! వేల కీర్తనలు శతాబ్దాల పాటు చెక్కుచెదరకుండా ఉన్నాయి. రాగం పేరు కూడా పైన చెక్కి ఉంది. కానీ ఎలా పాడాలో స్వరం లేదు. మాట మిగిలింది, వరస పోయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు మళ్లీ వరసలు కట్టి మన నోటికందించారు. వారి ఋణం తీరేది కాదు. అయినా అన్నమయ్య స్వయంగా తంబుర పట్టి ఎలా పాడాడో ఎవరూ చెప్పలేరు కదా.

లోహం మాట వచ్చింది కాబట్టి ఇంకొక ఫ్రెంచి కథ. జమ్మలమడుగు దగ్గర గండికోట మీరు చూసే ఉంటారు. పెన్న లోయ పక్కన ఎర్రరాయి కోట. 1652లో టావర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు ముత్యాలు చూపించడానికి అక్కడున్న మీర్ జుమ్లా దగ్గరికొచ్చాడు. ఆ నవాబు కొలువులో క్లోద్ మాయే అనే ఫ్రెంచివాడు ఫిరంగులు పోతపోసే పనిలో ఉన్నాడట. లోహం కోసం గుళ్లలోని విగ్రహాలు తెప్పించి కరిగించారనీ, గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంతకూ కరగలేదనీ, చివరికి మాయే ఒక్క ఫిరంగి కూడా సరిగా పూర్తి చేయలేక కొలువు వదిలిపోయాడనీ టావర్నియే రాసుకున్నాడు. ఒక ఫ్రెంచివాడు దేవుళ్లను కరిగించి ఫిరంగి చేయబోతే మోగలేదు. ఒక ఫ్రెంచి పాటను కరిగించి దీక్షితులవారు దేవతకు నగ చేస్తే రెండు వందల ఏళ్లుగా మోగుతూనే ఉంది. దేన్ని కరిగించి దేన్ని చేయాలో తెలియాలంటే ప్రొద్దుటూరు కంసాలిని అడగాల్సిందే!

పులివెందుల వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? ఆ తాలూకా కొత్తపల్లిలో 1908లో పుట్టిన బి.ఎన్. రెడ్డిగారు 1945లో ‘స్వర్గసీమ’ తీశారు. అందులో భానుమతి పాడిన పావురం పాట ఆ రోజుల్లో ప్లేట్ల మీద ఊరూరా తిరిగింది. దానికి స్ఫూర్తి ‘బ్లడ్ అండ్ శాండ్’ అనే హాలీవుడ్ సినిమాలో రీటా హేవర్త్ పాట అంటారు. ఆ ఛాయ ఫ్రెంచిది కాదు, స్పెయిన్‌ది. అయితేనేం, ఆ గొంతు వింటే పరాయి వాసన ఎక్కడైనా తగులుతుందా? వరస బాలాంత్రపు రజనీకాంతరావుగారి చేతిలో పడి అచ్చ తెలుగు పావురమై ఎగిరింది.

అప్పు తీసుకోవడమే కానీ మనం ఇవ్వలేదా అంటే, ఇచ్చాం. కాశీలో ఏళ్ల తరబడి ఉండి వీణ నేర్చుకున్న అలెన్ దనియెలూ అనే ఫ్రెంచి పండితుడు 1955లో మన శాస్త్రీయ సంగీతాన్ని ఎల్పీ రికార్డుల సంపుటంగా పారిస్‌లో వెలువరించాడు. అందులో డి.కె. పట్టమ్మాళ్ గొంతు ఉంది. పారిస్‌లో ఏ ఇల్లాలో వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ పట్టమ్మాళ్ కీర్తన విని ఉండదూ? మన బాలమురళీకృష్ణగారికి 2005లో ఫ్రెంచి ప్రభుత్వం షెవాలియే బిరుదిచ్చి గౌరవించింది కూడాను. ఇచ్చిపుచ్చుకోవడాలు రెండు వైపులా ఉన్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. జమ్మలమడుగులో కాపురమున్న మా మేనత్తది. నలుగు పాటలు, తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టింది. ప్రతి పాట పైనా ఫలానా పాట మట్టు అని ఒక గుర్తు. ఆ ఫలానా పాటల్లో సగం ఇప్పుడు మా బంధువర్గంలో ఎవరికీ రావు. ఆమె పోయి ఇరవై ఏళ్లయింది. బుక్కు తెరిస్తే మాటలన్నీ ఉన్నాయి, ఒక్క పాట గొంతెత్తి పాడుకోవడానికి లేదు. మా ఇంటి రాగిరేకు అది.

అందుకే ఈ మధ్య మా అత్తగారు పప్పు రుబ్బుతూనో, వత్తులు చేసుకుంటూనో కూనిరాగం తీస్తే ఫోను ఆవిడ పక్కన పెడుతున్నాను. “నా పాటలెవరు వింటారే, పోదువూ!” అంటూనే రెండో చరణం అందుకుంటుంది. ఇప్పటికి పదిహేడు పాటలయ్యాయి. మధ్యలో కుక్కరు కూతలు, పాలవాడి పిలుపు కూడా పడ్డాయి. పడనీండి. దేశదేశాల పాటలు వెతుక్కుని వినే నాకు ఈ పదిహేడూ వాటి పక్కన ఏ మాత్రం చిన్నవిగా అనిపించడం లేదు.

బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి చేయించిన పని మనం పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. మీ ఇంట్లో అమ్మో, అవ్వో, పెద్దత్తో ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చుని “అమ్మా, ఆ మంగళహారతి ఒకసారి పాడవూ” అని అడగండి. మొదట సిగ్గుపడతారు. తొందరపెట్టకుండా కాసేపు ఓపిక పట్టండి. గొంతు వణికినా ఫరవాలేదు, మట్టు పోకుండా ఉంటే చాలు.